టికెట్ల రోజు ఆగే మోటారు

నా ఉద్యోగం ఏమిటో మా మేనత్తకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది. దొంగలు ఏ దారిన రాగలరో కనిపెట్టడానికి వాళ్ళకంటే ముందు నేనే వెళ్ళి చూస్తాను, అదీ యజమాని అనుమతితోనే చూస్తాను అని చెప్పాను. ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. “దొంగతనానికి జీతం కూడానా! మీ నాన్నకి ఎరికేనా ఈ సంగతి?” అంది.

చివరికి నన్ను గట్టెక్కించింది జనాభా లెక్కల టీచరమ్మ. ఆవిడ వీధిలోకి వస్తే ఏం చేస్తుందో అత్తకి బాగా తెలుసు. ముందు ఏ ఇంట్లో మనుషులున్నారో, ఏ ఇల్లు తాళం వేసి ఉందో చూసుకుంటుంది. తర్వాత మనుషులున్న ఇంటి తలుపు తట్టి, ఎవరెవరుంటారు, ఏం పని చేస్తారు అని అడుగుతుంది. నేనూ అంతే. ఒక ఆఫీసు నెట్‌వర్కులో ఏయే యంత్రాలు మేలుకుని ఉన్నాయో ముందు చూస్తాను. దాన్ని స్కానింగు అంటాం. తర్వాత ఒక్కో యంత్రానికి ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయో చూసి, ఒక్కో తలుపు వెనక ఏ సర్వీసు పనిచేస్తోంది, అది పాతదా కొత్తదా అని అడుగుతాను. ఆ తలుపులని మా భాషలో పోర్టులంటారు.

“అడిగితే సెప్పేస్తాయేటి?” అంది అత్త.

చాలావరకు చెప్పేస్తాయి. అడక్కపోయినా చెప్పేవి కూడా ఉన్నాయి.

“నాలాగ,” అని పకపకా నవ్వింది.

ఆ మాట నిజమే. మా అత్త మాటల పుట్ట. ఆ మాటల వల్లే ఆవిడ పీకల మీదికి వచ్చింది. ఆ కథే చెబుతున్నాను.

మా తాత స్వతంత్రం వచ్చాక శ్రీకాకుళం తీరం నుంచి వలలు మూటగట్టుకుని ఓడెక్కి అండమాను వచ్చాడు. మా నాన్న పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టి ఇక్కడి సముద్రంలోనే వేట చేశాడు. నేను హిందీ బళ్ళో చదివాను. తెలుగు మాట్లాడటమే గానీ రాయడం రాదని మెయిన్‌లాండ్ చుట్టాలు వెక్కిరిస్తే, పంతం పట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను కదా, చదువుకోమనండి. విశాఖపట్నంలో కంప్యూటర్ చదువు అయ్యాక అక్కడే ఉండిపొమ్మన్నారు. ఉండలేదు. సముద్రం కింద కేబులు ఇంకా పడని రోజులవి. నెట్టు ఉపగ్రహం మీదుగా వచ్చేది, అదీ దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. “ఇంటర్నెట్టే సరిగ్గా లేని దీవుల్లో హ్యాకింగ్ పరీక్షలేమిటే?” అని నా స్నేహితురాళ్ళు నవ్వారు. నెట్టు నత్తనడక నడిస్తే తలుపులన్నీ మూసి ఉన్నట్టేనా? తిరిగొచ్చి ఒక్కో ఆఫీసూ చూశాక, ఇక్కడ నాకు పని దొరకదేమోనన్న బెంగ శాశ్వతంగా తీరిపోయింది.

అత్త ఉండేది మధ్య అండమాన్‌లో, రంగత్‌కి కాస్త దూరంలో ఒక చిన్న రేవులో. ఊరి పేరు చెప్పను, ఆ ఊరి వాళ్ళకి కోపమెక్కువ. అక్కడ చేపలు పట్టేవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సొసైటీకి ఒక ఐసు ప్లాంటుంది. మావయ్య అందులో మోటారు నడిపేవాడు. ఆయన పోయాక ఆ పని అత్త తీసుకుంది. ఆడమనిషికి మోటారేమిటన్న వాళ్ళతో, “పొయ్యి రాజేసినదాన్ని మోటారు రాజెయ్యలేనా?” అంది. మిషను రూము తాళం చెవి పైట కొంగున ముడేసుకుంది. ఆ ముడి స్నానానికి తప్ప విప్పగా నేను చూడలేదు.

ఆ ఊళ్ళో బతుకంతా ఆ ప్లాంటు మీదే. పొద్దున్న డోంగీలు, అంటే మా చిన్న పడవలు, వేట నుంచి రాగానే సురమయి చేపలన్నీ, అదే మీ వంజరం, ఐసులో పడాలి. ఐసు లేకపోతే మధ్యాహ్నానికి అవి ఎండబెట్టడానికి తప్ప పనికిరావు. మోటారు మోత ఎంత గట్టిగా ఉంటుందంటే పక్కన నిలబడి మాట్లాడాలంటే అరవాలి. ఏళ్ళ తరబడి ఆ మోతలో మాట్లాడీ మాట్లాడీ అత్త గొంతు అలాగే ఉండిపోయింది. ఇంట్లో ఉప్పందించమన్నా పక్కింటికి వినబడుతుంది.

కొన్నాళ్ళకి సొసైటీ వాళ్ళు మోటారుకి కొత్త కంట్రోల్ పెట్టె బిగించారు. మెయిన్‌లాండ్ నుంచి మనిషి వచ్చి గోడకి తగిలించి, ఆఫీసు దాకా తీగ లాగి వెళ్ళాడు. చల్లదనం ఎంతుందో, మోటారు తిరుగుతోందో లేదో ప్రెసిడెంటు ఫోనులోనే కనబడుతుంది. ఊరంతా మురిసిపోయింది. ఆ తర్వాతే అప్పుడప్పుడు పట్టపగలు మోటారు ఆగిపోవడం మొదలైంది. ఆగిన ప్రతిసారీ అత్త పరుగెత్తి పెట్టె స్విచ్చి ఒకసారి కట్టేసి మళ్ళీ వేసేది. మోటారు తిరిగేది. ప్రెసిడెంటు ఫోనులో మాత్రం ఒక మెసేజి పడేది: ఆపరేటర్ ఆపారు.

అంతే, ఊళ్ళో పుట్టింది పుకారు. అది ఆగేది ఎప్పుడూ షిప్పు టికెట్లు ఇచ్చే రోజే. ఆ రోజు ఊరు ఊరంతా సొసైటీ వాకిట్లో ఉంటుంది, ఎందుకంటే ఆ చుట్టుపక్కల టికెట్ల వెబ్‌సైటు తెరుచుకునే కంప్యూటర్ అదొక్కటే. అంతమంది జనం దొరికితే మా అత్త నోరు ఊరుకుంటుందా? కాబట్టి కబుర్లు వినబడటం లేదని ఆవిడే మోటారు కట్టేస్తోందని తేల్చేశారు. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టు ప్రతివాళ్ళూ నమ్మేశారు. ఒకసారి ఆ గోలలో మోటారు ఆగినట్టు తెలిసేసరికి ఆలస్యమై, ఒక డోంగీ చేపంతా పాడైపోయింది కూడా. వచ్చే టికెట్ల రోజున వాకిట్లోనే మీటింగు పెడతాం, తాళం చెవి అప్పగించడానికి సిద్ధంగా ఉండు అని ప్రెసిడెంటు అత్తకి చెప్పాడు.

అత్త నాకు ఫోను చేసింది. ఎప్పుడూ అరిచే మనిషి ఆ రోజు మెల్లగా మాట్లాడింది. “ఒలే కోడలా, నాను మోటారు ఆపడమేటే? నాకు అన్నం పెట్టిన మోటారే అది. దాన్ని నాను కట్టేత్తానా?” అంది. ఆవిడ మెల్లగా మాట్లాడితే నేను భరించలేను.

నా అదృష్టం ఏమిటంటే, ఆ కంట్రోల్ పెట్టె ఒప్పందంలోనే బయటివాళ్ళ చేత ఒకసారి నెట్‌వర్కు పరీక్ష చేయించాలని ఉంది. సొసైటీ ఆ పని వాయిదా వేస్తూ వచ్చింది. దీవుల్లో ఆ పని చేసేదాన్ని నేనే. ప్రెసిడెంటుకి ఫోను చేసి మాట్లాడుకుని, పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే రేవులో బోటెక్కాను.

ప్రెసిడెంటు దీవుల్లోనే పుట్టిన మన తెలుగాయనే. రెండు డోంగీల యజమాని, కర్ర పట్టకుండానే కర్ర పట్టుకున్నట్టు నడుస్తాడు. ఆయనకి ముందే చెప్పేశాను: “సాబ్, మీ ఆపరేటరు నా సొంత మేనత్త. ఆ సంగతి దాచి పని మొదలుపెట్టను. మీకు అభ్యంతరమైతే ఇంకెవరినైనా పిలిపించుకోండి.”

ఆయన మీసం దువ్వుకున్నాడు. “ఈ ఊర్లో ఎవులికి ఎవులు సుట్టం కాదమ్మా? సుట్టరికం సూసుకుంటే కోడిపెట్ట మీద కూడా కంప్లయింటు ఇవ్వలేం. చలో, కానీ.”

“కానీ అంటే సరిపోదు. సంతకం పెట్టాలి. ఏయే యంత్రాలు ముట్టుకోవచ్చో, ఎప్పుడు ముట్టుకోవచ్చో, నా ప్రశ్నలకి ఏదైనా ఆగిపోతే మీకు సమ్మతమేనో కాదో అన్నీ ఇందులో ఉన్నాయి.”

“మీ అత్త నోరూ నీ నోరూ ఒకటే,” అంటూ సంతకం పెట్టాడు. సంతకం లేనిదే నేను కీబోర్డు మీద వేలు పెట్టను. నా పనికీ దొంగపనికీ మధ్య ఉన్న గోడ ఆ సంతకమే. దాని విషయంలో మా నాన్నతో కూడా మొహమాటపడను.

మధ్యాహ్నం డోంగీలన్నీ ఒడ్డున చేరి, ఊరు భోజనాలు చేసి కునుకు తీసే వేళ, ఐసు నిండా ఉన్నప్పుడు పని మొదలుపెట్టాను. సొసైటీ ఆఫీసంటే ఒక గది, ఒక బల్ల. మూలన పూల గుడ్డ కప్పిన కంప్యూటరు. నా లాప్‌టాప్ తీగకి తగిలించి ముందు ఎవరెవరున్నారని అడిగాను. నా చెయ్యి నెమ్మది. కొంతమంది ఒక్కసారిగా వేల ప్రశ్నలు గుప్పించి, జవాబు రానిది లేదని రాసేసుకుంటారు. గాలం వేసి చేప తాకకముందే లాగేసేవాడికి ఏం పడుతుంది? నేను ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య వ్యవధి ఇస్తాను. వైఫై పెట్టె పలికింది. గుమ్మం మీది కెమెరా పలికింది. ప్రెసిడెంటు ఫోను, ఎవరో పొరుగువాళ్ళ ఫోన్లూ పలికాయి. ఊరంతటికీ పాస్‌వర్డు తెలుసన్నమాట. దాని సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. చివర్లో మిషను రూము గోడ మీది కంట్రోల్ పెట్టె పలికింది.

దానికి తలుపులు కొద్దిగానే ఉన్నాయి. ఒకదాని వెనక ప్రెసిడెంటు ఫోనుకి కబుర్లు పంపే సర్వీసు. ఇంకొకదాని వెనక ఏదో పాతకాలపు సర్వీసు. దాన్ని నువ్వెవరివి, ఏ తరానివి అని అడిగాను. మర్యాదగా, ఒక్కసారే. అందరినీ అడిగే మామూలు ప్రశ్నే అది.

మోటారు ఆగిపోయింది.

నేను కుర్చీలోంచి లేచేలోగానే మిషను రూములో స్విచ్చి టక్కుమంది, మోత మళ్ళీ మొదలైంది. అత్త కొంగు దోపుకుంటూ ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. అప్పటిదాకా మిషను రూము వరండాలో పడుకున్న మనిషి. ముఖం పాలిపోయింది. “సూశావా? అదిగో, మళ్ళీ! నాను నడుం వాల్చానంతే, దాన్ని ముట్టుకోలేదే!”

“నువ్వు కాదు అత్తా, నేను. నేను ఆపాను.”

“నువ్వా? ఇక్కడ కూకుని?”

“ఒక్క ప్రశ్న అడిగాను. మూర్ఛపోయింది.”

ఆవిడ నా వంకా లాప్‌టాప్ వంకా చూసింది. “ఓలమ్మో! నీకేటి మాయరోగమే! బంగారంలాటి మోటారుని ప్రశ్నలడిగి సంపుతావా?” అని నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. నాకు దెబ్బ తగలలేదు. నేను గాల్లో తేలిపోతున్నాను. కొన్ని పాత రకం కంట్రోల్ పెట్టెలకి ఈ రోగం ఉంటుంది. వాటి సొంత భాషలో పలకరిస్తే బాగానే ఉంటాయి. అలవాటు లేని ప్రశ్న వేస్తే బిగుసుకుపోతాయి. అవి బిగుసుకుపోతే, ప్రమాదం జరగకుండా మోటారు దానంతట అదే ఆగిపోతుంది. మళ్ళీ బతికించాలంటే స్విచ్చి కట్టేసి వెయ్యాలి. చేత్తో కట్టేశారు కాబట్టి, ఆపరేటర్ ఆపారని అది రాసుకుంటుంది. తెలివి తప్పి పడిపోయినవాడికి నీళ్ళు చల్లిన మనిషినే, నువ్వే తోశావన్నట్టు.

ఎలా ఆగుతుందో తెలిసింది. ఇక తెలియాల్సింది ఒక్కటే. టికెట్ల రోజున దాన్ని ప్రశ్నలడుగుతున్నది ఎవరు?

సాయంత్రం సెక్రటరీ వచ్చాడు. బెంగాలీ పెద్దాయన, ఊరంతా దాదా అంటారు. చిన్నప్పటి నుంచి మనవాళ్ళ మధ్యే పెరిగాడు కాబట్టి హిందీ, తెలుగు కలిపి కొడతాడు. పూల గుడ్డ కిందున్న కంప్యూటర్ గురించి అడిగాను. నేను వెతికినప్పుడు అది పలకలేదు మరి.

“ఎలా పలుకుతుంది బేటీ? మెయిన్ స్విచ్ బంద్. ఇది సిర్ఫ్ టికెట్ కోసం. రోజూ క్యోం తెరుస్తాను? ఉప్పుగాలి లోపలికి పోయింది, బస్, ఖతం. ఇక్కడ వోల్టేజ్ ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా.”

తెలియకేం. జనరేటరు కరెంటుతో పెరిగిన దీవి మనిషి ఎవరైనా గది దాటితే మెయిన్ స్విచ్చి కట్టేసి వెళతాడు. మా ఇంట్లో నాన్న ఇప్పటికీ ఫ్రిజ్జు కట్టేసి పడుకుంటాడు. దాదా అయితే కంప్యూటరుకి గుడ్డ కప్పి, తెరిచే రోజున ముందు అగరొత్తి కూడా వెలిగిస్తాడు.

“దాదా, ఆ పెట్టె బిగించిన మనిషి ఈ కంప్యూటర్లో కూడా ఏమైనా పెట్టాడా?”

“హా, ఒక చౌకీదారు పెట్టాడు. అంటే ప్రోగ్రాము. రోజూ రాత్రి లేచి నెట్‌వర్క్‌లో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు అని అంతా తిరిగి చూస్తుందట. రాత్రి కంప్యూటర్ బంద్ చెయ్యొద్దు అన్నాడు.” దాదా ముక్కు ఎగబీల్చాడు. “మెయిన్‌లాండ్ వాడు, వాడికేం తెలుసు? రాత్రంతా చాలూ పెడితే పొద్దున్నకి బూడిద మిగులుతుంది.”

నేను నవ్వాను. ఎంత నవ్వానంటే దాదా నొచ్చుకున్నాడు. ఆ చౌకీదారు చేసేది నేను చేసే పనే. అది కూడా స్కానింగే. కాకపోతే దానికి నిదానం లేదు. రాత్రి గస్తీ తప్పిపోతే ఆ బాకీ ఊరికే వదలదు, కంప్యూటరు మళ్ళీ ఎప్పుడు కళ్ళు తెరిస్తే అప్పుడే బయల్దేరుతుంది. ఇక్కడ కంప్యూటరు కళ్ళు తెరిచేది టికెట్ల రోజునే. మెయిన్‌లాండ్‌లో అయితే ఇది రాత్రిపూట మోటారు ఆపేసి మొదటి రోజే దొరికిపోయేది. మన దాదా మెయిన్ స్విచ్చి పుణ్యమా అని పట్టపగలు, ఊరంతా చూస్తుండగా మోటారు ఆపి, నింద మా అత్త నెత్తిన పెట్టింది. కంచే చేను మేసిందంటారే, అలా కాపలాకి పెట్టిందే కొంప ముంచుతోంది.

అప్పటికప్పుడు గుడ్డ తీసి, స్విచ్చి వేసి చూసేయొచ్చు. దాదా సరేనన్నాడు కూడా. నేనే వద్దన్నాను. మేమిద్దరమే చూస్తే ఎవరు నమ్ముతారు? మేనకోడలు మేనత్తని వెనకేసుకొచ్చింది అంటారు. అన్నదెవరో తెలియని మాటకి జవాబు చెప్పుకుంటూ అత్త జన్మంతా గడపాలి. నింద పడింది ఊరి ముందు. పోవలసిందీ ఊరి ముందే.

ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళి దాచకుండా చెప్పాను. “మీటింగు రోజున దాదా కంప్యూటరు వేస్తాడు. కాసేపటికి మోటారు ఆగుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే ఆగుతుంది. మళ్ళీ వెంటనే తిప్పొచ్చు, చేపకేం కాదు. అయినా ఐసు ఎక్కువ తీసి ఉంచండి. సమ్మతమని ఇక్కడ ఒక సంతకం.”

“ఆగకపోతే?” అన్నాడు.

“ఆగకపోతే మీరు అనుకున్నట్టే చెయ్యండి.”

“తాళం చెవి తీసేసుకుంటాను. నువ్వు ఏడిసినా ఇవ్వను.”

“నేను ఏడవను,” అన్నాను. ఆయన సంతకం పెట్టాడు.

ఆయన దగ్గర అంత ధీమాగా అన్నాను గానీ, రాత్రి అన్నానికి కూర్చున్నా ఆగకపోతే ఏమిటన్న లెక్కలే వేసుకుంటున్నాను. అత్తకి ఏమీ చెప్పలేదు. చెబితే తెల్లారేసరికి ఊరంతటికీ తెలిసిపోతుంది. ఆవిడ చేప పులుసు వడ్డిస్తూ, “తాళం సెవి ఇచ్చేత్తే నాను పగలంతా ఏటి సెయ్యాలే?” అంది. అడిగింది నన్ను కాదు, గిన్నెని. ఆ ఇంట్లోకి మోటారు మోత సన్నగా వినిపిస్తూనే ఉంది. మావయ్య పోయిన తర్వాత ఆ ఇంట్లో ఆవిడకి తోడున్నది ఆ మోతే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం ఎక్కువైందని అబద్ధమాడాను. “నీ మొకం, పట్నం నాలిక,” అంది.

టికెట్ల రోజు వచ్చింది. పొద్దున్నుంచే వాకిలి నిండిపోయింది. ఆధార్ కార్డులు, దీవుల వాళ్ళకిచ్చే ఐలాండర్ కార్డులు చేతుల్లో పట్టుకుని జనం, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల గోల. వేపుడు చేపల వాసన ఎక్కడినుంచో. ప్రెసిడెంటు చెట్టునీడలో బల్ల వేయించుకుని కూర్చున్నాడు. అత్తని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, తాళం చెవి బల్ల మీద పెట్టమన్నాడు. ఆవిడ కొంగు ముడి విప్పింది. ఆ ముడి ఎంతకాలం నుంచి ఉందో, బట్ట అక్కడ ముడతలు పడి తెల్లబడిపోయింది. చెవి బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నేను బల్ల పక్కనే లాప్‌టాప్ తెరుచుకున్నాను. ఆఫీసు తీగకి తగిలించి, నెట్‌వర్కులో ఎవరు ఎవరిని పలకరిస్తున్నారో తెర మీద కనబడేలా పెట్టాను. ఆ రోజు నేను ఎవరినీ ఒక్క ప్రశ్నా అడగలేదు. ఊరికే వింటున్నాను. కిటికీలోంచి దాదా కనబడుతున్నాడు. అగరొత్తి వెలిగించాడు. పూల గుడ్డ నాలుగు మడతలు పెట్టాడు. మెయిన్ స్విచ్చి పైకి లేపాడు.

“అమ్మా, మాటర్ ఏటంటే,” అని ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు, “మోటారు మోతకి కబుర్లు ఇనబడక నువ్వు మోటారు కట్టేత్తన్నావని కంప్లయింటు. నా ఫోనులో కూడా అలాగే రాసుంది.”

అంతే. అప్పటిదాకా నోరు కట్టుకుని కూర్చున్న మా అత్త లేచి నిలబడింది.

“నాకు ఇనబడకపోవడమేటి సాబ్! మోటారు పక్కన నాను మాట్టాడితే రేవు దాకా ఇనబడతాది, తెలీదేటి నీకు? మీ అమ్మాయి పెళ్ళికి ఐసు ఎవులిచ్చారు? తుఫానుకి కరెంటు పోతే జనరేటరు తిప్పుకుంటా కూకున్నది ఎవులు? నువ్వా? నీ ఫోనా?”

ఎవరో నవ్వారు. ఆవిడకి ఊపొచ్చింది. ఆవిడ ఒక్కొక్కరి పేరూ పట్టి పిలిచి, వాళ్ళ ఏ చేప ఏ రోజు ఎలా నిలిచిందో గుర్తుచేయడం మొదలుపెట్టింది. జవాబులు, కేకలు, పిల్లల ఏడుపులు. వాకిలంతా సంతలా ఉంది. ఇటు నా తెర మీద ఆఫీసు కంప్యూటరు మేలుకుంది. ఎవరున్నారని అడిగింది. వైఫై పలికింది, కెమెరా పలికింది. కంట్రోల్ పెట్టె కూడా పలికింది. చౌకీదారు దాని తలుపులు వరసగా తట్టుకుంటూ పోతోంది.

“ఇంకో మాట సెప్తాను ఇనండి,” అత్త వేలు ఎత్తింది. “నాను గానీ అక్కడ నిద్దరోయుంటే, ఈ పాటికి మీ సురమయి అంతా...”

నా తెర మీద కంట్రోల్ పెట్టె జవాబు ఇవ్వడం మానేసింది.

“సాబ్, ఆగింది,” అన్నాను.

“ఏది?”

“మోటారు.”

ఆయన తల పక్కకి వంచాడు. ముందుగానే తెలిసిన మనిషి, అయినా ఆ గోలలో పోల్చుకోలేకపోయాడు. “ఉష్!” అని చెయ్యి ఎత్తాడు. ముందు వరస ఊరుకుంది. తర్వాత వెనక వరస. అప్పుడు ఒక్కొక్కరికీ తెలిసింది, ఆ ఊళ్ళో ఎప్పుడూ ఉండే మోత లేదని. ఎవరు ఆపారని అందరూ అత్త వైపు తిరిగారు.

కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ ముందు కూడా ఎవరూ లేరు. ప్రెసిడెంటు బల్ల మీద చెయ్యి తడిమి చూసుకున్నాడు. తాళం చెవి లేదు.

మిషను రూము తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల స్విచ్చి టక్కుమంది. మోత మళ్ళీ మొదలైంది.

నేను లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. ఆఫీసు కంప్యూటరు నుంచి కంట్రోల్ పెట్టెకి ప్రశ్న మీద ప్రశ్న, చివరికి పెట్టె మూగబోవడం, అన్నీ వరసగా ఉన్నాయి. కిటికీలోంచి దాదా, “మేరా కంప్యూటర్?” అని నోరు తెరిచాడు. ఆ చౌకీదారు గస్తీ తిరిగే దారిలోంచి కంట్రోల్ పెట్టెని తప్పించాలని, ఆ పెట్టె తీగని ఆఫీసు తీగ నుంచి వేరు చెయ్యాలని, వైఫై పాస్‌వర్డు ఊరందరికీ పంచకూడదని తర్వాత నా రిపోర్టులో వివరంగా రాశాను. అవన్నీ చేశారు కూడా. కానీ ఆ రోజు నా తెర మీది గీతలు చూసినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ ఆ తెరిచిన తలుపు వైపే చూస్తున్నారు.

అప్పుడే ప్రెసిడెంటు జేబులో ఫోను మోగింది. తీసి చూసి, పైకే చదివాడు. “ఆపరేటర్ ఆపారు.” చదివి, నా మొహం చూసి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

అత్త బయటికి వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు, అది కుర్చీ కిందే ఉండిపోయింది. ఆయాసపడుతూ వచ్చి, వదిలేసిన చోట నిలబడి, వదిలేసిన వేలు మళ్ళీ ఎత్తింది.

“...ఈ పాటికి మీ సురమయి అంతా ఉప్పుసేపై పోయుండేది! తెలిసిందా?”

ఆవిడ తాళం చెవి కొంగున పెట్టి, ముడతలు పడిన చోటే మళ్ళీ ముడేసుకుని, మోత మీదుగా ప్రెసిడెంటుని అడిగింది: “ఇప్పుడు సెప్పు సాబ్. నన్ను ఎందుకు పిలిసావు?”